గుడ్ల సైకిలు

ట్రేల మీద చివరి అట్ట పెట్టి, పాత ట్యూబును క్యారియరు చుట్టూ లాగి కొక్కెం తగిలించాడు నిదానం. తరువాత అరచేతిని పై ట్రే మీద ఆనించి, నిద్రపోతున్న పిల్లను జోకొట్టినంత మెల్లగా కదిపి చూశాడు. గుడ్లు కదల్లేదు. అప్పుడు గానీ సైకిలు స్టాండు తియ్యలేదు.

అతని అసలు పేరు గుడ్ల కొట్టు అక్కకి కూడా ఓ పట్టాన గుర్తు రాదు. బజారంతా నిదానం అనే అంటుంది. పొడుగ్గా, కాస్త ముందుకు వంగిన మనిషి. ఎండకు కమిలిన మెడ. పిక్కలు మాత్రం మెలితిప్పిన మోకుల్లా ఉంటాయి. గోతి రాగానే సీటు మీంచి వెంట్రుకవాసి లేచి, ఆ కుదుపును మోకాళ్లతో మింగేస్తాడు. సందు మలుపులో మనుషులు అడ్డం వస్తే కాలు దించడు. ముందు చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉన్నచోటే నిలబడతాడు. కాలు దించితే బండి ఒరుగుతుంది, బండి ఒరిగితే కింది వరుస పోతుంది. పెళ్లికి ముందు నుంచీ ఇదే పని.

ఇవాళ్టితో ఆ పని అయిపోతుంది. కొట్టుకి వ్యాను వచ్చింది. భార్యకేమో వేరే ఊళ్లో ఆడపిల్లల హాస్టలు వంటగదిలో పెద్ద వంటమనిషిగా ఉద్యోగం దొరికింది. సాయంత్రం బస్సుకి ఇద్దరూ వెళ్లిపోతున్నారు.

"అక్కడ నువ్వేం చేస్తావయ్యా?" అని ఎవరైనా అడిగితే, "మా ఆవిడ వండుతుంది, నేను బాగుందంటాను" అంటాడు.

వెళ్లడానికి అతనికి బెంగేమీ లేదు. ఒక్క విషయమే ముల్లులా గుచ్చుకుంటోంది. మధ్యాహ్నం బడి మైదానంలో బజారువాళ్ల ఆటలు. అందులో నెమ్మది సైకిలు పందెం. కాలు దించకుండా అందరికంటే వెనక వచ్చినవాడిదే గెలుపు. ఊళ్లోకెల్లా నెమ్మదైన మనిషి, ఏటా అందరికంటే ముందు కాలు దించేస్తాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. గెలిచేదేమో పేపర్లు వేసే బాణం! విసిరిన పేపరు గుమ్మంలో పడేలోపు సందు చివర తేలే మనిషి. ఈసారీ అంతే అయితే, ఈ ఊళ్లో తన వెనక మిగిలేది ఆ నవ్వొక్కటే.

పొద్దున భార్య కూడా వదల్లేదు. పెట్టె సర్దుతూ, "ఆ కాలేదో తొందరగా దించేసి వచ్చెయ్యి. బస్సు నీలాంటిది కాదు, కదిలిందంటే ఆగదు" అంది.

"ఈసారి దించను."

"పోయినేడూ ఇదే అన్నావు."

ఆఖరి ట్రేలు ఆసుపత్రి క్యాంటీనులో దించాడు. ఖాళీ సైకిలెక్కి గేటు దాటాడో లేదో, హ్యాండిలు వణికి కాలు నేలకు తగిలింది. గుమ్మంలో నిలబడ్డ వంటమాస్టరు పకపకా నవ్వాడు.

"ఏం మనిషివయ్యా! బరువుతో వచ్చేప్పుడు రాజులా వస్తావు. బరువు దింపేసరికి తాగినోడిలా ఊగుతావు."

నిదానం ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, ఎవరిదో అన్నట్టు ఆ ఖాళీ క్యారియరు వంక చూశాడు. ఏటా పందేనికి సైకిలు కడిగి, తుడిచి, తేలిగ్గా ఉండాలని క్యారియరు మీది చెక్క కూడా ఊడదీసి తీసుకెళ్లేవాడు.

"నీ నోట్లో చక్కెర పొయ్య, మాస్టరూ!" అని కొట్టువైపు తొక్కాడు.

"అక్కా, పందేనికి ట్రేలు కావాలి. నిండువి."

అక్క లెక్కలాపి తలెత్తింది. "పడితేనో?"

"పడను."

"ఏటా పడుతూనే ఉన్నావుగా?"

"ఏటా ఖాళీగా పడ్డానక్కా."

అక్క గోడవారగా పేర్చిన ట్రేల వైపు చెయ్యి చూపింది. "తీసుకుపో. రేపట్నుంచి ఎలాగూ ఆ వ్యానే మోస్తుంది" అంది.

మైదానంలో బడి డ్రిల్లు మాస్టారు సున్నంతో బాటలు గీయించాడు. గుడ్లతో వచ్చిన నిదానాన్ని చూసి జనం గొల్లున నవ్వారు.

"ఆమ్లెట్టు ఇక్కడే వేస్తావా ఏంటి?"

"మాస్టారూ, ఇదేం న్యాయం? అయితే నేనూ పేపర్లు కట్టుకుంటా" అన్నాడు బాణం.

"కట్టుకో నాయనా. బరువు వద్దని నేనెప్పుడన్నాను?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"మధ్యాహ్నం పూట పేపరెవడిక్కావాలి, నువ్వూ గుడ్లే కట్టుకో!" అని ఎవరో అరిచారు. బాణం నవ్వేసి ఖాళీగానే నిలబడ్డాడు.

ఈల మోగింది. టైలరు మొదట్లోనే ఒరిగాడు. కూరగాయలాయన పక్క బాటలోకి పోయాడు. చొక్కాల మీద సొన పడుతుందని ముందు వరుస వాళ్లు వెనక్కి జరిగారు. మెల్లమెల్లగా నవ్వులు ఆగిపోయాయి. ఆ గుడ్లు తమవే అయినట్టు అందరూ ఊపిరి బిగబట్టారు.

బాట మధ్యలో నిదానం నిలిచిపోయాడు. చక్రం అటు, ఇటు. మళ్లీ అటు. అతని మొహంలో పందెం లేదు. సందు మలుపులో మనుషులు తప్పుకునేదాకా ఆగే మొహమే అది. కాస్త ముందున్న బాణానికి వెనకేం జరుగుతోందో తెలియక ప్రాణం కొట్టుకుంది. తల తిప్పాడు. హ్యాండిలు మెలికపడింది. కాలు దిగిపోయింది.

మైదానం హోరెత్తింది. మాస్టారు చెయ్యెత్తి, "ఆగండి! గీత దాటితేనే గెలుపు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద బస్సు హారను మోగింది. పెట్టె చేత్తో పట్టుకుని భార్య గట్టున నిలబడి ఉంది. ఆమెను చూడగానే నిదానం మోకాలు బిగుసుకుంది. తొక్కెయ్యబోయాడు. పై ట్రే గలగలమంది.

ఆమె పెట్టె కింద పడేసింది.

"నన్నెందుకు చూస్తావు, ముందుకి చూడు! నెమ్మదిగా రా... ఇంకా నెమ్మదిగా! ఆ బస్సు పోతే దాని తాతలాంటి బస్సు ఇంకోటుంది!"

నెమ్మదిగా అన్న మాట జన్మలో మొదటిసారి ఆమె నోట విన్నాడు. మోకాలు వదులైంది. జనమంతా సైకిలుకి అటూ ఇటూ చేరి, అతనితో పాటే అడుగులో అడుగేసుకుంటూ నడిచారు. వెనక చక్రం గీత దాటింది. సైకిలు పట్టుకున్నది బాణమే.

"ఇప్పుడు దించన్నా కాలు" అన్నాడు.

ఒక్క గుడ్డూ చిట్లలేదు. అక్క వాటన్నిటినీ అక్కడే పెద్ద గిన్నెలో ఉడికించి అందరికీ పంచింది. మొదటిది వలిచి భార్య చేతిలో పెట్టాడు నిదానం. ఆమె ఉప్పు అద్దుకుని తిని, "బాగుంది" అంది.

చీకటి పడకముందే ఇంకో బస్సు వచ్చింది. సైకిలు టాపు మీదికెక్కింది. బజారులో చాలామందికి వాళ్లు వెళ్లిన సంగతి మర్నాడు వ్యాను చప్పుడు విన్నాకే మనసుకెక్కింది.

ఆ పొద్దున బాణం పేపర్లతో మైదానానికి అడ్డంపడి దూసుకొస్తూ, ఒకచోట బ్రేకు నొక్కి పక్కకి తిప్పుకున్నాడు. అక్కడ, ఒకే చక్రం అటూ ఇటూ తిరిగి తొలిచిన చిన్న గుంట, విప్పిన విసనకర్రలా ఉంది. దాని అంచున ఇంకా సున్నం తెల్లగా అంటుకుని ఉంది.