గంట మోగినప్పుడు

"గరిట చేత్తో పట్టుకుని బొమ్మలా నిలబడితే కూర మాడక ఏం చేస్తుంది?" అత్తగారు మళ్ళీ అదే మాట తీసింది.

"కూర సంగతి పోనీలేమ్మా," అన్నాడు భర్త, నల్లబడ్డ ముక్కల్ని కంచం అంచుకు తోస్తూ. "తలుపెందుకు తియ్యలేదన్నదే నా గోల. బయట నిలబడి బెల్లు కొడుతూనే ఉన్నాను."

"నువ్వు కొట్టేకొద్దీ అమ్మ ఆగిపోతుంది నాన్నా. ఆరామంలో గంట మోగితే ఎక్కడివాళ్ళక్కడ పని ఆపి ఊపిరి చూసుకోవాలట," అంది కూతురు.

ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నం కొండమీది బౌద్ధ ఆరామం నుంచి ఫోను వచ్చింది. అత్తగారే ఎత్తింది. మీ కోడలు ఆ సంగతి తేల్చుకుందా అని భిక్షుణి ఎవరో అడిగిందట. ఏ సంగతని ఇంట్లో ఎవరూ కోడల్ని అడగలేదు. అడిగితే నిజమైపోతుందేమోనని భయం. అసలే ఆరామంలో కొన్నాళ్ళుండి వచ్చినప్పటి నుంచీ ఆమె భోజనాల దగ్గర నోరు విప్పడం లేదు. అక్కడ మౌనంగా తింటారు. ఈ ఇంట్లో తింటూ మాట్లాడకపోతే అలిగినట్టే లెక్క.

ఆమె మాత్రం అలగలేదు. అక్కడి చల్లటి నేల, గుమ్మం ముందు చెప్పుల వరుస, ధ్యానంలో పట్టేసిన మోకాళ్ళు, పక్కనావిడ సన్నటి గురక, అన్నీ ఇంకా ఒంట్లోనే ఉన్నాయి. వెళ్ళగానే క్యారెట్లు తరగమంటే అలవాటుకొద్దీ బుట్టెడూ టకటకా తరిగి పడేసింది. "ఎవరు తరుముతున్నారమ్మా?" అంది వంటశాల చూసే భిక్షుణి. ఆమె నిజంగానే వెనక్కి తిరిగి చూసింది. తిరిగొచ్చే రోజు ఆ భిక్షుణే చెయ్యి పట్టుకుని, "నీ చేతివంట బాగుంది. ఇక్కడే ఉండిపో, వంటశాల నీకప్పగిస్తాను" అంది. బస్సులో దారి పొడుగునా ఆ మాటే.

"గుండు చేయించుకుంటావా ఏమే?" అంది అత్తగారు. "ఎలాగూ సగం రాలిపోయిందిలే, మంగలికి పెద్ద పని ఉండదు." వేళాకోళమే గానీ, ఎత్తిన మంచినీళ్ళ గ్లాసు తాగకుండానే కింద పెట్టేసింది.

భర్త తినడం ఆపేశాడు. "ఏదో ఒకటి చెప్పెయ్. ఉంటావా, పోతావా?"

అప్పుడే వీధి తలుపు బెల్లు మోగింది. ఆమె కదల్లేదు. ఈసారి మిగతా ముగ్గురూ కదల్లేదు. బెల్లు ఇంకోసారి మోగి ఊరుకుంది. పక్కింటివాళ్ళ అడుగులు వెనక్కి వెళ్ళిపోయాయి.

ఆమె నెమ్మదిగా ఊపిరి వదిలింది.

"వంటశాల చూసుకుంటూ అక్కడే ఉండిపొమ్మన్నారు. ఇందాక పొయ్యి వెలిగించేముందే ఫోను చేసి, కుదరదని చెప్పేశాను."

"బతికించావు," అంటూ అత్తగారు కుర్చీలో వెనక్కి వాలింది.

"అక్కడా వండడానికైతే అంత దూరం ఎందుకత్తయ్యా? నేను వెళ్ళింది కూర్చోవడానికి. ఏటా వెళ్తాను, కూర్చుని వస్తాను." భర్త వైపు, కూతురి వైపు చూసి, గొంతు పెంచకుండానే అంది. "రేపట్నుంచి ఇంట్లో రాత్రి వంట నేను చెయ్యను. ఆ వేళకి కిటికీ దగ్గర కూర్చుంటాను. పొయ్యి సంగతి మీ ముగ్గురూ చూసుకోండి."