ఇద్దరు వెళ్లి ఒకరు వచ్చే దారి

మార్చి పంతొమ్మిదో తేదీ. ఆ పొద్దున తిన్నవి ఉడకబెట్టిన గుడ్లు, ఒకవైపు మాడిన బ్రెడ్డు. తేదీ మనసులో ఉండిపోవడానికి ఆ మాడిన బ్రెడ్డే కారణం. బావమరిది పెనం మీద బ్రెడ్డు వేసి, ఒళ్లు కాలిపోతుంటే గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. వాసన పసిగట్టి కొంగాయన వంటగదిలోకి వచ్చేసరికి పెనం పొగలు కక్కుతోంది.

“బ్రెడ్డు కాలిందా, నువ్వు కాలుతున్నావా?” అన్నాడు నుదుటి మీద చెయ్యి పెట్టి.

“రెండూ బావా. నువ్వు మెత్తగా ఉన్నవైపు తిను.”

కొంగాయన అన్నది యూనిట్ వాళ్లు పెట్టిన పేరు. నీటి పిట్టలను తీసిన రోజుల్లో ఒంటికాలి మీద బరువేసి, కెమెరా కన్నానికి కన్ను అంటించి గంటలకొద్దీ కదలకుండా ఉండేవాడని. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. బావమరిది శబ్దం పట్టేవాడు. చెవుల మీద హెడ్‌ఫోన్లు, చేతిలో బొచ్చుకుక్కపిల్లలాంటి మైకు. ఆ అడవి బంగళాలో ఈ సీజనంతా ఉన్నది వాళ్లిద్దరే. పోయినేటి దాకా ముగ్గురు. మూడో మనిషి కొంగాయన భార్య, ఈ ఏడు బతికి లేదు.

వాళ్లు తీస్తున్నది హార్న్‌బిల్ పిట్టల కాపురం. ముక్కు మీద ఇంకో ముక్కు బోర్లించినట్టుండే పెద్ద పిట్టలు. ఆడది చెట్టు తొర్రలోకి దూరి, వాకిలిని మట్టితో, రెట్టతో మూసేసుకుని, సన్నటి చీలిక మాత్రం వదులుతుంది. లోపల రెక్కల ఈకలు రాల్చేసుకుంటుంది కనుక కావాలన్నా ఎగరలేదు. గుడ్లు పొదిగి, పిల్లలు ఎదిగేదాకా దానికి తిండి పెట్టేది మగపిట్ట ఒక్కటే. పళ్లు గొంతులో నింపుకొచ్చి, ఒక్కొక్కటీ ఆ చీలికలోంచి అందిస్తుంది. మగపిట్ట రాకపోతే లోపలివాళ్ల గతి అంతే.

తొర్రకు ఎదురుగా, వాలు మీద, దాక్కుని తీయడానికి ఆకుపచ్చ గుడ్డ కప్పిన చిన్న మాటు. అందులోకి వెళ్లడానికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు వెళ్లాలి. కాసేపటికి ఒకరు బయటికొచ్చి, అడవంతా వినిపించేలా నడిచి వెళ్లిపోవాలి. దూరపు చెట్టు మీంచి కనిపెడుతున్న పిట్ట, వచ్చినవాళ్లు పోయారనుకుని దిగుతుంది. పిట్టకు లెక్కలు రావు.

ఆ నడక ఎన్నో ఏళ్లు భార్యది. ఎర్ర గొడుగు నేలకు కొట్టుకుంటూ, శ్రుతి లేని పాట పాడుకుంటూ వెళ్లేది. “ఇదుగో, నేను పోతున్నా! ఇక్కడెవరూ లేరు! ఉన్నా మనిషి కాదు, కొంగ!” అని పిట్టకు చెప్పి మరీ వెళ్లేది. ఆవిడ వెళ్లడం కొంగాయనకు చెవులతోనే తెలుసు. వెనక్కి తిరిగి ఒక్కసారీ చూడలేదు. కన్ను కెమెరాకు ఇచ్చేసినవాడికి వీపు వైపు ఏముంటుంది? ఈ ఏడు ఆ నడక బావమరిదికి వచ్చింది.

ఆ రోజు వారం తర్వాత మొదటిసారి పొగమంచు విడిచింది. తొర్ర మీద నేరుగా ఎండ పడే పొద్దు. పిల్ల ముక్కు ఈ పాటికి చీలికలో కనిపించాలి. అదే కావాలని ప్రొడ్యూసరమ్మ ఫోన్లో చెవిలో జోరీగలా పోరుతోంది.

“వస్తాను పద. వెళ్లి తిరిగి రావడమేగా,” బావమరిది గోడ పట్టుకుని లేచాడు. జోడు వేసుకోవడానికి వంగి, అలాగే కూర్చుండిపోయాడు.

“నువ్వు పడుకోరా. ఒక్కపూటకి ఏం కాదు,” అన్నాడు కొంగాయన. దుప్పటి కప్పాడు, మంచం పక్కన మంచినీళ్లు పెట్టాడు. చూసేవాళ్లకు అది ప్రేమే. అందులో ప్రేమ లేదనీ కాదు. కాకపోతే, జ్వరంతో వాడు కాళ్లీడ్చుకుంటూ నడిస్తే ఎండ దాటిపోతుందన్న లెక్క కూడా ఆ దుప్పటి కిందే ఉంది.

ఒక్కడే వెళ్లాడు. ఒక్కడే మాటులో దూరాడు.

మగపిట్ట వచ్చింది. తొర్ర దగ్గరికి కాదు, లోయ అవతల ఎండిన మాను మీదికి. గొంతు నిండా పళ్లతో, మెడ సాచి, మాటు వైపు చూస్తూ కూర్చుంది. ఒకసారి అరిచింది. చీలికలోంచి ఆడపిట్ట ముక్కు కొస బయటికొచ్చింది. తెరుచుకుంది, మూసుకుంది. మళ్లీ తెరుచుకుంది.

అప్పుడే లేచి వెళ్లిపోవాల్సింది. పిట్ట చూస్తుండగా బయటికి నడిస్తే చాలు, అది దిగేది. కొంగాయనకు ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు. కానీ ఎండ తొర్ర అంచు మీద తేనెలా కారుతోంది. తెరుచుకున్న ఆ ముక్కు కొస మీద వెలుగు నిలిచింది. ఎంత బాగుందో! కెమెరా నడుస్తూనే ఉంది. పిట్ట అరుస్తూనే ఉంది.

ఎండ పోయింది. మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. మగపిట్ట రెక్కలు బరబరమని కొట్టుకుంటూ లోయలోకి ఎగిరిపోయింది. చాలాసేపు చూసి, వాన పెద్దదయ్యాక, చూసే పిట్ట లేని దారిన కొంగాయన బంగళాకు తిరిగొచ్చాడు. ముక్కు కొస అప్పటికి బయటికి రావడం మానేసింది.

సాయంత్రానికి బావమరిదికి చెమట పట్టి జ్వరం జారింది. కటకాలకు బూజు పట్టకుండా బల్బు వెలుగుతుండే బీరువా ఉన్న గదిలో కూర్చుని, అలవాటుగా హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆ రోజు తీసింది చూశాడు.

“బాగా వచ్చింది బావా,” అన్నాడు.

కాసేపటికి బావమరిది కనుబొమలు ముడిపడ్డాయి. తెర మీదినుంచి చూపు తీసేసి, చెవులతోనే ఉన్నాడు. మెల్లగా హెడ్‌ఫోన్లు విప్పి బావ చేతికిచ్చాడు.

“విను.”

వాన చుక్కలు. పిట్ట అరుపు. దాని మీద, కెమెరా మైకుకు బాగా దగ్గరగా, కొంగాయన గొంతు: “ఇంకొక్క నిమిషం.” మళ్లీ అరుపు. “ఇంకొక్క నిమిషం.” తను పైకి అన్నానని కూడా అతనికి తెలియదు.

“పిట్ట దిగనేలేదు కదూ?”

“లేదు.”

“నన్ను పడుకోమన్నది జాలితోననుకున్నా.” బావమరిది మంచం మీది దుప్పటి వైపు చూశాడు. “అక్కతోనూ ఇదే మాటగా నీది. ఆవిడ పిలవడం, నువ్వు ఇంకొక్క నిమిషమనడం.”

వాడు తిట్టినా బాగుండేదనిపించింది కొంగాయనకు. తిట్టలేదు. లేచి టీ పెట్టి, రెండు గ్లాసులూ తెచ్చాడు.

మర్నాడు తెల్లవారాక ఇద్దరూ దూరంగా, రోడ్డు మలుపు నుంచి బైనాక్యులర్స్‌తో చూశారు. మగపిట్ట ఎండిన మాను మీదే ఉంది. గొంతు ఉబ్బే ఉంది. చూపు మాటు మీదే ఉంది. దిగడం లేదు.

“మాటు ఖాళీయేగా! ఎందుకు దిగదు?” కొంగాయన కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“నువ్వు లోపలికెళ్లడం చూసింది. రావడం చూడలేదు. దాని లెక్కలో నువ్వింకా అక్కడే ఉన్నావు బావా.” బావమరిది ముక్కు చీదాడు. “రెండుకీ ఒకటికీ తేడా తెలీదు గానీ, ఒకటికీ సున్నాకీ బాగానే తెలుసు దానికి.”

జేబులో ఫోన్ మోగింది. ప్రొడ్యూసరమ్మ. కొంగాయన ఎత్తలేదు.

“పోనీ, పద్ధతి ప్రకారమే చేద్దాం,” అన్నాడు బావమరిది, అతని మొహంలోకి చూడకుండా. “ఇద్దరం వెళ్దాం, నేను వచ్చేస్తాను. నువ్వుండు. ఎండ కూడా వస్తోంది. దిగితే షాట్ దొరుకుతుంది.”

“దిగకపోతే?”

“దిగకపోతే ఇంకో పూట పస్తు. మనకు కాదులే.”

కొంగాయన తొర్ర వైపు చూశాడు. ఎండ అప్పుడే చెట్టు మొదలు ఎక్కుతోంది. సరే అనేమాట నాలుక కొస దాకా వచ్చింది. వచ్చిందన్నది అతను ఎవరికీ చెప్పలేదు గానీ, తన దగ్గర దాచుకోలేకపోయాడు.

“ఇద్దరం వెళ్దాం. ఇద్దరం వచ్చేద్దాం,” అన్నాడు. “మాటు కూడా పీకేద్దాం. ఆ చెట్టు దగ్గర మనదంటూ ఏమీ కనబడకూడదు.”

“పీకితే ఈ ఏటికి సినిమా అయిపోయినట్టే బావా!”

“అయిపోనీ. కెమెరా ఇక్కడే పెట్టు. నీ కుక్కపిల్లను కూడా.”

చేతులూపుకుంటూ వెళ్లారు. మేకులు పీకారు, వెదురు కర్రలు విప్పారు, గుడ్డ మడిచి కొంగాయన భుజాన వేసుకున్నాడు. ఎండిన మాను మీంచి పిట్ట చూస్తోందని మెడ మీద తెలుస్తోంది. దారిలో పడ్డాక బావమరిది కర్రతో నేలను కొడుతూ గొంతెత్తాడు. అక్క పాటే. ఆవిడకన్నా ఘోరంగా.

“పోతున్నాం! కొంగ కూడా పోతోంది!”

కొంగాయన గొంతు కలపబోయాడు. రాలేదు. కాళ్లు మాత్రం గట్టిగా వేశాడు. ఇన్నేళ్లూ ఈ దారిన ఆవిడ నడిచింది, వీపు చూపించి, వెనకున్నవాడి కోసం. దారి ఇంత ఎత్తుపల్లాలుగా ఉంటుందని ఇవాళే తెలిసింది. పోయినేడు ఆ పాట మధ్యలో ఆగి, ఆగి వినిపించేది. ఊపిరి తీసుకోవడానికన్నమాట. అప్పుడు అతను, తొందరగా పోదేం అనుకున్నాడు.

మలుపు తిరిగేలోగా తల పైనుంచి బరబరమన్న చప్పుడు వెళ్లింది, రైలు దూరంగా పోయినట్టు. తొర్ర వైపే వెళ్లింది. బావమరిది టక్కున ఆగి వెనక్కి తిరిగాడు.

“దిగింది బావా! ఇస్తోంది! చూడు, ఇస్తోంది!”

“ముక్కు బయటికొచ్చిందా?”

“వచ్చింది. అందుకుంటోంది. నువ్వు చూడవే?”

“నువ్వు చూసి చెప్పు,” అన్నాడు కొంగాయన గుడ్డ మూట సర్దుకుంటూ. చూడడానికి మొహం చెల్లలేదు. “పిల్లలు?”

బావమరిది చాలాసేపు బైనాక్యులర్స్‌లోంచి చూశాడు. “తల్లి ముక్కే కనబడుతోంది.”

లోపల ఎన్ని పిల్లలుండేవో వాళ్లకు మొదటినుంచీ తెలియదు. అందుకే ఇప్పుడు ఎన్ని మిగిలాయో కూడా తెలియదు.

ఆ సాయంత్రం కొంగాయన ప్రొడ్యూసరమ్మతో మాట్లాడి, షాట్ లేదన్నాడు. ఎందుకు లేదో కూడా చెప్పాడు. అటునుంచి “జ్వరం ఎలా ఉంది ఆయనకి?” అని అడిగి పెట్టేసింది. ఆ మాత్రం దయ చూపిస్తుందని అతను అనుకోలేదు.

దీపాలు పెట్టే వేళకే బావమరిది నిద్రపోయాడు. దుప్పటి కాళ్ల దగ్గర కుప్పగా పడి ఉంది. కొంగాయన దాన్ని మెడ దాకా లాగి కప్పాడు, నుదురు చూశాడు. చల్లగా ఉంది. కాసేపు నిలబడి వాడి ఊపిరి విన్నాడు, ఆగకుండా సాగుతోంది. ఆ గది తలుపు కీచుమంటుంది. భార్య దాన్ని కాస్త పైకెత్తి పట్టి వేసేది. అలాగే పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.