మోకాలి మీద నిషేధం

జట్టు యజమాని ప్రాతెర్ గారి దయాగుణం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆ జట్టులో ఆడే కార్డెల్ మాబ్రీ తమ్ముడు ఆంట్వాన్ సొంత ఇంటి గుమ్మంలో తాళంచెవి వెతుక్కుంటుంటే పోలీసులు వెనక నుంచి కాల్చి చంపారు. నల్లవాడి చేతిలో తాళంచెవి కూడా తుపాకీలాగే కనిపిస్తుంది కాబోలు! ప్రాతెర్ గారు పాపం పెద్ద పూలగుత్తి పంపారు. దాంతోపాటు ఓ హెచ్చరిక కూడా పంపారు: ఆదివారం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకు ముందు జాతీయ గీతం వస్తున్నప్పుడు ఎవడైనా నిరసనంటూ మోకాలి మీద కూర్చుంటే, సోమవారం వాడు జట్టులో ఉండడు.

కార్డెల్ కోరింది మాత్రం ఏపాటిది? ఊళ్లో ఎవరూ తమ్ముడి పేరెత్తడం లేదు. టీవీవాళ్లు "ఆ సంఘటన" అని సరిపెట్టేశారు. ఆ పేరు ఒక్కసారి పైకి రావాలి, అంతే. అందుకే తనతోపాటు మోకరిల్లమని జట్టులోని తెల్లవాడు కోల్‌ను అడిగాడు. బంతి విసిరే కోల్ మీదికి ఎవడూ దూకకుండా ఏళ్లతరబడి ఒళ్లు హూనం చేసుకుంటున్నవాడు కార్డెలే మరి.

"నా మనసంతా నీతోనే ఉందిరా," అన్నాడు కోల్ బూటు లేసు కట్టుకుంటూ. "మోకాలంటేనే కష్టం. మా నాన్న సైన్యంలో చేశాడు."

"మా నాన్నా చేశాడు."

"అది వేరులే."

ఆ మహానుభావుడు రెండో బూటు లేసు అందుకున్నాడు.

"సరే, నీ మనసు నువ్వే ఉంచుకో. చలికాలం కప్పుకోవచ్చు," అన్నాడు కార్డెల్.

ఆదివారం గీతం మొదలైంది. పైన అద్దాల గదిలో ప్రాతెర్ గారు గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. కార్డెల్ మోకరిల్లలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని గడ్డి మీద బోర్లా పడుకున్నాడు.

ఆటగాడు దెబ్బతిని పడిపోతే, వాడు లేచేదాకా రెండు జట్లవాళ్లూ మోకాలి మీద కూర్చుంటారు. బడిలో ఆడే వయసులోనే ఒంటికి పట్టే మర్యాద అది. ఆలోచించి చేసేది కాదు. అందరికన్నా ముందు కోల్ మోకాలే వంగింది. తర్వాత పక్కవాడిది, ఆపైన అవతలి జట్టుది. చేసిందేమిటో తెలిసేసరికి కోల్ మొహం కందిపోయింది.

దెబ్బలు చూసే గస్ సంచీతో పరుగెత్తుకొచ్చాడు.

"ఎక్కడ తగిలిందిరా? మెడలోనా?"

"నాకు కాదు గస్. ఆంట్వాన్‌కి. వీపులో."

గస్ చెయ్యి ఆగిపోయింది. సంచీ పక్కన పెట్టి అక్కడే మోకరిల్లాడు.

"లేవరా బాబూ, మా కొంప ముంచావు!" కోల్ పళ్లు కొరికాడు.

"ముందు నువ్వు లే. ఎవడు ఆపాడు?"

పడి ఉన్నవాడి ముందు, అంతమంది చూస్తుండగా, లేచి నిలబడే ధైర్యం కోల్‌కు లేకపోయింది.

సోమవారం ప్రాతెర్ గారు న్యాయం చేశారు. మోకరిల్లిన వాళ్లందరినీ ఉంచుకుని, మోకరిల్లని ఒక్కణ్ణి తీసేశారు. ఎందుకు తీసేశారో చెప్పాలంటే, ఎందుకు పడుకున్నాడో టీవీవాళ్లు చెప్పక తప్పలేదు.

"ఆంట్వాన్ మాబ్రీ," అంది వార్తలు చదివే ఆవిడ.

ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న కార్డెల్ టీవీ శబ్దం పెంచాడు.