పాలసెలవు

పాలకేంద్రం తలుపుకి తాళం చూసి కూడా సుకుమాయా వీపు మీది క్యాను దించలేదు.

"ఇవాళ పాలసెలవు, అక్కా. పాలు పోయించుకోం. పట్నంలో పాలు ఎక్కువయ్యాయట," అన్నాడు గుమస్తా పోష్‌రాజ్ కిటికీలోంచి.

పాలకు సెలవట! ఆ ఉత్తర్వు గేదె పొదుగుకి ఎవరు చదివి వినిపించాలో సర్కారు చెప్పలేదు. ఈ కాభ్రే కొండల్లో ఆ సర్కారు డెయిరీని జనం తమదే అనుకున్నారు. ఇంట్లో పిల్లలకు నల్ల టీ ఇచ్చి, ఉన్న పాలన్నీ దానికే పోశారు. ఇప్పుడు విదేశీ పాలపొడి లారీల్లో దిగుతోంది కాబట్టి వీళ్ల పాలు ఎక్కువయ్యాయి.

పాలు మట్టిలో పొయ్యడం పాపమని సుకుమాయా భయం. అందుకే సెలవులు వరసపెట్టినప్పుడల్లా గేదెని సగమే పితికింది. పొదుగు వాచి గడ్డకట్టింది. జ్వరంతో గేదె మేత మానేసి, చివరికి కాళ్లు చాపేసింది. సుకుమాయా దాని మెడ కావలించుకుని, "నేనే చంపుకున్నాను," అని ఏడ్చింది.

"నువ్వు కాదు," అంది పక్కింటి చమేలీ కటువుగా. "చంపినవాళ్లు తాళం వేసుకు కూర్చున్నారు."

ఆ మాట ఊరంతా పాకింది. ఊరి సభలో మగాళ్లు పాలు రోడ్డు మీద పారబోద్దామన్నారు.

"పితికేది మేమూ, పారబోసేది మీరూనా?" అని ఆడవాళ్లు గయ్యిమన్నారు.

మర్నాడు నిండు క్యాన్లే రోడ్డుకి అడ్డంగా పేర్చి పాలపొడి లారీని ఆపారు. పోలీసులొచ్చి ముందు వరసలోని ఆడవాళ్లను ఠాణాకి ఈడ్చుకెళ్లారు.

"నీకు గేదే లేదు. నీకెందుకే ఈ గొడవ?" అన్నాడు హవల్దారు సుకుమాయాతో.

"పోయింది గనకే వచ్చాను నాయనా."

సాయంత్రం పితికే వేళకి ఊళ్లో గేదెలు ఒకటే అరుపు. మగాళ్లు చెయ్యి వేస్తే తన్నాయి. అలవాటైన చేతికి తప్ప అవి పాలు చేపవు. పితక్కపోతే ఏమవుతుందో అందరూ కళ్లారా చూసినవాళ్లే. చమేలీ మొగుడు ధన్‌బహదూర్ పలుపు విప్పాడు.

"పదండి, వాళ్ల దగ్గరికే తోలుకుపోదాం."

ఠాణా వాకిలి గేదెలతో నిండిపోయింది. హవల్దారు లాఠీ ఊపాడు గానీ గేదెలు లెక్కచెయ్యలేదు. పితికే మట్టుకే అని చెప్పి, విధిలేక ఆడవాళ్లను వాకిట్లోకి వదిలాడు. ఎవరి గేదె దగ్గర వాళ్లు కూర్చున్నారు. సుకుమాయా ఒక్కతే గోడకి ఆనుకుని నిలబడిపోయింది. పాపం, ఆమెను వెతుక్కుంటూ ఏ గేదే రాలేదు. అది చూడలేక చమేలీ లేచి తన చోటిచ్చింది.

"నువ్వు పితుకు, అక్కా."

"నా చేతికి చేపదే."

"చేపేదాకా కూర్చో."

పొదుగు మీద చెయ్యి వెయ్యగానే సుకుమాయాకి దుఃఖం ఆగలేదు. వెక్కుతూనే పితకబోయింది.

"అయిందిగా, ఇక వీటిని తోలుకుపొండి," అన్నాడు హవల్దారు, మిగతావాళ్లు పితకడం ముగించగానే.

"ఎక్కడికి?" అన్నాడు ధన్‌బహదూర్. "మా ఆడవాళ్లు బయటికొచ్చి, పాలకేంద్రం తలుపు తెరుచుకునేదాకా మా కొట్టం ఇదే."

అంటూనే పలుపు తీసుకెళ్లి ఠాణా కిటికీ కమ్మీకి కట్టాడు. అతని వెనకే ఊరంతా కట్టడం మొదలుపెట్టింది.