దిండు సర్దిన చేతులు

నారిన్ లోయలో మంచు ఇంకా కరగలేదు. ఆసుపత్రిలో సైకాల్ నర్సు ఉద్యోగం మాత్రం ఈ వారంతో సరి, రిటైరవుతోంది. తోటి నర్సులు అప్పుడే వీడ్కోలు విందుకు గొర్రెను బేరమాడుతున్నారు. ఆమెకు విందు మీద మనసు లేదు. కిటికీ పక్క మంచం మీద బత్మా ఉంది. ఒకప్పుడు తనకు సూది పట్టడం నేర్పిన పెద్ద నర్సు. ఇప్పుడు కడుపులో కాన్సర్ ముదిరి, దుప్పటి కింద ఉందా లేదా అన్నట్టుంది.

పొద్దున్నే బత్మా కొడుకు మెలిస్ వసారాలో టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"అత్తా, అమ్మకి చెప్పకు. నీ నోట రాకూడదు."

"నేనెందుకు చెప్తానురా," అంది సైకాల్.

చావు సంగతి రోగి చెవిన వేయడం ఆ లోయలో మర్యాద కాదు. ఇంటివాళ్ళు దాస్తారు, డాక్టరు గొణుగుతాడు, అబద్ధమాడే పని నర్సు నెత్తిన పడుతుంది. ఆ అబద్ధం నేర్పింది కూడా బత్మాయే. "గడ్డి మొలవగానే కొండెక్కి, పులిసిన గుర్రపు పాల కుమిస్ తాగుదువుగాని" అనాలి. అంటూ దిండు సర్దాలి, అప్పుడు కళ్ళలోకి చూడక్కర్లేదు. సైకాల్ ఉద్యోగమంతా ఆ గడ్డే మొలిపించింది. దాన్ని నమ్ముకుని, ఇల్లు చూడకుండా, ఈ మంచాల మీదే పోయినవాళ్ళను తలచుకోవాలంటే ఆమెకు భయం.

మందు మింగాక బత్మా అడిగింది.

"ఏమే, నా సంగతేంటి? ఉన్నదున్నట్టు చెప్పు. పోయేదాన్నైతే నా ఇంట్లోంచే పోతా."

"అవేం మాటలక్కా! గడ్డి మొలవనీ. ఇద్దరం కొండెక్కి కుమిస్ తాగుదాం."

బత్మా నవ్వింది. నవ్వితే నొప్పి, అయినా నవ్వింది.

"దిండు వదులు పిల్లా. అది బాగానే ఉంది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, సైకాల్ చేతులు అప్పటికే వాటంతటవే దిండు సర్దుతున్నాయి. ఆమె దిండు వదిలి, మంచం అంచున కూలబడింది.

"మెలిస్‌కి మాటిచ్చానక్కా."

"మాట తప్పలేదులే. నువ్వు నోరిప్పలేదుగా. రేపు వాణ్ణి బండి తెమ్మను."

"అయితే... ఇన్నాళ్ళూ ఇక్కడ పోయినవాళ్ళందరికీ కూడా తెలిసిపోయేదా?"

"చాలామందికి తెలిసేదే. మన మొహాలు చూసి జాలిపడి ఊరుకునేవాళ్ళు."

మర్నాడు బత్మా ఇంటికి వెళ్ళింది. ఆ వారంలోనే పోయిందని కబురొచ్చింది. సైకాల్ దిండ్లు సర్దుతూనే ఉంది గానీ, ఎవరి దగ్గరా గడ్డి మాట ఎత్తలేదు.

ఆఖరి రోజు సాయంత్రం, తలుపు పక్క మంచం మీది ముసలి గొర్రెల కాపరి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆయనకూ ఎక్కువ రోజుల్లేవు. ఇంటికి తీసుకెళ్ళడానికి ఎవరూ లేరు.

"ఏమ్మా, అందరికీ చెప్తావటగా. నాకు మాత్రం ఆ గడ్డి మాట చెప్పవేం?"

"నీకు తెలుసుగా పెద్దాయనా."

"తెలుసు. అయినా చెప్పు."

సైకాల్ దిండు ముట్టుకోలేదు. ఆయన కళ్ళలోకి చూస్తూ, గడ్డి మొలుస్తుందని చెప్పింది.