ఎడమ కాలి అంచు

కత్తెర అన్నది అతని అసలు పేరు కాదు. జీన్స్ కుట్టే దుకాణంలో బట్ట కోసే పని అతనిది. అక్కడ ఎవరో సరదాకి అలా పిలిచారు, ఇంట్లో అన్నయ్య దాన్ని అందుకున్నాడు, అసలు పేరు గుర్తింపు కార్డుకే మిగిలిపోయింది. నలభైకి దగ్గర పడుతున్నా పెళ్లి మాటెత్తితే నవ్వి ఊరుకునే రకం. అన్నావదినలతోనే ఉంటాడు. అన్నయ్య లిఫ్టు మెకానిక్కు. వదిన ఇంట్లోనే ఉండి నలుగురికీ లెక్కల ట్యూషన్ చెప్తూ, ఈ ఇద్దరు మొగాళ్లనీ నోటితోనే అదుపులో పెట్టే మనిషి.

ఆ ఇంట్లోకి నాలుగో మనిషిగా ఒక ప్యాంటు వచ్చింది.

దుకాణం ఓనరుకి పాతకాలం పద్ధతిలో జీన్స్ కుట్టించాలని పిచ్చి పట్టింది. వెడల్పు తక్కువ మగ్గం మీద నేసిన మందపాటి బట్ట, అంచున ఎర్రదారం, రాగి రివెట్లు, కాళ్ల దగ్గర గొలుసు కుట్టు. నీలిమందు పట్టించాక ఒక్కసారి కూడా నీళ్లలో ముంచని బట్ట. రా డెనిమ్ అంటారు. కొత్తలో అట్టముక్కలా ఉంటుంది, కూర్చుంటే మోకాలి వెనక గుచ్చుతుంది. దాన్ని ఉతక్కుండా నెలల తరబడి తొడుక్కుని తిరిగితే, తొడుక్కున్నవాడి ఒంటిని బట్టి మడతలు పడతాయి, మడతల మీద రంగు వెలిసి గీతలు తేలతాయి. మనిషి ఎలా కూర్చుంటాడో, ఎలా నడుస్తాడో, ఏ జేబులో ఏం కుక్కుతాడో అన్నీ దాని మీద అచ్చుపడిపోతాయి. అలా వాడి తేలిన ప్యాంటు ఒకటి అద్దాల కిటికీలో వేలాడదీస్తే తప్ప కొనేవాళ్లకి ఆ బట్ట గొప్పతనం తెలియదని ఓనరు నమ్మకం. "నువ్వే తొడుక్కుని తిప్పు," అని కత్తెర చేతిలో పెట్టాడు.

చిక్కేమిటంటే కత్తెర పని ఉన్నంతసేపూ బల్ల దగ్గర నిలబడే మనిషి. నిలబడ్డవాడి మోకాలికి మడతలెక్కడివి?

"నాకివ్వరా," అన్నాడు అన్నయ్య. "రోజంతా మెట్లెక్కి దిగడమే కదా నా బతుకు. లిఫ్టు ఆగిపోతేనే గదా నన్ను పిలిచేది."

ఇద్దరిదీ ఒకే నడుము కొలత, ఒకే ఎత్తు. చిన్నప్పుడు పండక్కి ఒక్క చొక్కా కొంటే ఇద్దరికీ సరిపోయేది. అన్నయ్యది పొద్దుటి డ్యూటీ, కత్తెర దుకాణం తెరిచేది మధ్యాహ్నం. అందుకని అన్నయ్య భోజనానికి వచ్చి ప్యాంటు విప్పగానే, అది చల్లారకముందే కత్తెర తొడుక్కునేవాడు. కుర్చీల మీద, సోఫా మీద, చివరికి అన్నదమ్ముల కాళ్ల మీద కూడా నీలిరంగు అంటుకుంది. వదిన తడిగుడ్డ పట్టుకుని తుడవలేక చచ్చేది.

"నన్ను ఈ ఇంటికి తెచ్చుకున్న కొత్తలో కూడా ఇంత అపురూపంగా చూసుకోలేదు మీ అన్నయ్య," అనేది. "ఉతకొద్దట. ఇస్త్రీ వద్దట. ఎండ తగలాలట, ఎక్కువ తగలకూడదట. ఏం గారాబమయ్యా ఆ ప్యాంటుకి."

ఇలా సాగిపోతుండగా ఒకరోజు ఓనరు, ఎంతవరకు వచ్చిందో చూద్దామన్నాడు. కత్తెర దాన్ని కోతబల్ల మీద వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి పరిచాడు. కుడి మోకాలి వెనక తేనెపట్టు గదుల్లాంటి మడతలు ముచ్చటగా తేలాయి. ఓనరు మురిసిపోయి ఫోటోలు తీసుకుని వెళ్లాడు. ఎడమ మోకాలి వెనక మాత్రం బట్ట నున్నగా ఉంది. ఆ కాలు వంగాల్సినంత వంగడం లేదు. కింద గొలుసు కుట్టు ముందువైపు తెగి, అంచు పీచులు లేచింది. కుడి కాలి అంచు కొత్తదానిలాగే ఉంది.

ఓనరు కంటికి ఇవేవీ ఆనలేదు. ప్యాంట్లు చదవడమే పనిగా బతికిన కత్తెర మాత్రం చూడగానే పోల్చుకున్నాడు. ఎడమ కాలు నేలని సరిగ్గా విడవడం లేదు. ఈడుస్తున్నారు. ఎవరు?

వాళ్ల నాన్నకి కూడా ఇలాగే మొదలైంది. ఎడమ పాదం నేలకి రాసుకోవడం, చెప్పు ముందువైపు అరగడం. చెప్పుల షాపువాణ్ణి తిట్టుకుంటూ చెప్పులు మార్చారు. తర్వాత చేతికర్ర, తర్వాత చక్రాల కుర్చీ, ఆ తర్వాత మంచం. వంశంలో పాకే నరాల జబ్బని, పిల్లలకి రావచ్చు, రాకపోవచ్చని చెప్పాడు డాక్టరు. తొలి రోజుల్లోనే పట్టుకుంటే మందులతో చాలావరకు ఆపొచ్చు, మీరు ఆలస్యం చేశారు అని కూడా అన్నాడు. ఆ మాట అన్నదమ్ములిద్దరూ విన్నారు. మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి మాట్లాడుకోలేదు.

తనే అయ్యుంటాడని కత్తెర క్షణం ఆలస్యం లేకుండా నిర్ణయించేసుకున్నాడు. ముఖం నాన్నది, గొంతు నాన్నది, తుమ్మినా నాన్నే తుమ్మినట్టుంటుందని బంధువులంతా అంటారు. అన్నీ ఇచ్చినాయన ఇదొక్కటి ఎందుకు దాచుకుంటాడు?

అనుమానం పెనుభూతం అంటారు. కత్తెరకి అది పూనింది. షాపుల అద్దాల్లో తన నడక చూసుకుంటూ పోయి ఒక పెద్దావిడని గుద్దుకుని చివాట్లు తిన్నాడు. స్నానాల గదిలో ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకునేవాడు. ఎడమ కాలి మీద తూలితే ముచ్చెమటలు పట్టేవి, కుడి కాలి మీద తూలినా పట్టేవి. బూట్లు తిరగేసి చూస్తే ఎడమదే ఎక్కువ అరిగింది. అంచు కుట్టే మిషను పెడల్ని ఆ కాలితోనే తొక్కుతానన్న సంగతి కూడా ఆ కంగారులో తట్టలేదు. ఒకసారి గుమ్మం తగిలి పడబోతే వదిన నవ్వింది.

"ఏంటయ్యా, కొత్త పెళ్లికొడుకులా గుమ్మాలు తన్నుతున్నావు?"

అతను నవ్వలేకపోయాడు. డాక్టరు దగ్గరికి పోవచ్చు. పోతే తెలిసిపోతుంది, భయమంతా అక్కడే. అన్నయ్యకి చెప్పొచ్చు. కానీ చివరి ఏళ్లలో నాన్నని ఎత్తి కూర్చోబెట్టింది, కడిగింది, పక్క మార్చింది అన్నయ్యే. ఆ మనిషి చేత మళ్లీ అదే చాకిరీ చేయించాలా? ఆ ఊహ వస్తే చాలు, అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేవాడు.

చివరికి తట్టుకోలేక తన పని తనకి నేర్పిన దారినే పట్టుకున్నాడు. పీచులు లేచిన అంచు రెండు కాళ్లకీ సమంగా కత్తిరించి, కొత్తగా గొలుసు కుట్టు వేశాడు. ఓనరుకి పైభాగం తొందరగా తేలాలట, కొన్నాళ్లు నేనొక్కణ్ణే తొడుక్కుంటానని అన్నయ్యకి అబద్ధం చెప్పాడు. అన్నయ్య ఒక నిమిషం అతని ముఖంలోకి చూసి, "సరే, నీ ఇష్టం రా," అన్నాడు. ఎందుకో ఏమిటో అడగలేదు.

ఆ రోజు నుంచి కత్తెర పొద్దున లేస్తే వీధులు కొలవడమే. పక్క భవనాల మెట్లెక్కేవాడు, దిగేవాడు. వాచ్‌మన్లు ఎవరి కోసమని అడిగితే అద్దెకి ఇల్లు చూస్తున్నానని చెప్పేవాడు. మోకాళ్లు నొప్పులు పుట్టేదాకా నడిచి, దుకాణానికి వెళ్లి, బల్ల చాటున వంగి అంచు తడుముకునేవాడు. దారం తెగలేదు. రోజులు గడిచాయి, నెల మారింది. ఎడమ మోకాలి వెనక నున్నటి చోట సన్నని మడతలు మొలిచాయి. అంచు చెక్కు చెదరలేదు.

తను కాదు. తనకేం లేదు. కత్తెరకి సంతోషంతో కాళ్లూ చేతులూ ఆడలేదు. దుకాణంలో అందరికీ టీ చెప్పాడు. కుట్టుపనివాళ్లు, పెళ్లి కుదిరిందా ఏమిటని ఏడిపించారు. అతను ఈల వేసుకుంటూ గళ్ల బట్ట ఒకటి పరిచి, సుద్దతో గీత గీస్తూ గీస్తూ ఆగిపోయాడు.

తను కాకపోతే ఆ ప్యాంటు తొడుక్కున్న రెండోవాడు ఒక్కడే.

సుద్ద చేతిలో విరిగింది. ఇంతసేపూ తను సంతోషించింది దేనికో అర్థమయ్యేసరికి, ముందు తన మీద తనకే అసహ్యం వేసింది. అన్నయ్య మెట్లెక్కేటప్పుడు ఈమధ్య ఆగి ఆగి ఎక్కడం గుర్తొచ్చింది. కంపెనీవాళ్లు ఇచ్చిన బూట్లు ఇనుప ముద్దలని తిట్టుకోవడం గుర్తొచ్చింది. అద్దంలో తన కాళ్లు చూసుకోవడంలో మునిగిపోయి, పక్కన నడిచే మనిషి కాళ్ల వంక ఒక్కసారీ చూడలేదు.

అయినా మనసు ఒప్పుకోలేదు. ఒకవేళ కాదేమో అన్న ఆశతో ప్యాంటు మునుపటిలా పొద్దుటిపూట అన్నయ్యకి ఇచ్చాడు. వారం తిరక్కుండానే ఎడమ అంచు ముందువైపు గొలుసు కుట్టు తెగింది.

ఎలా చెప్పాలి? అన్నం తింటుండగా చెప్దామంటే వదిన ఉంటుంది. ఫోన్లో చెప్పే మాట కాదు. ఒకటి రెండుసార్లు "అన్నయ్యా" అని మొదలుపెట్టి, "రేపు వాన పడేలా ఉంది" అని ముగించాడు. రోజు ఆలస్యమైతే రోజు నష్టం అని తెలుసు. తెలిసీ రేపటికి వాయిదా వేశాడు.

ఆ ఆదివారం అన్నయ్యే అతన్ని డాబా మీదికి పిలిచాడు. ప్యాంటు ఎండలో తీగ మీద వేలాడుతోంది. అన్నయ్య పిట్టగోడకి ఆనుకుని, మొదలుపెట్టాడు.

"ఒరేయ్ కత్తెరా, ఒక మాట చెప్తాను. కంగారు పడకు."

అన్నయ్యకి తన కాలి సంగతి తెలిసిపోయిందన్నమాట అనుకున్నాడు కత్తెర.

"ఈ అంచు సంగతి నేను ఎప్పుడో చూశాను. నీకు చెప్తే బెంగ పెట్టుకుంటావని ఊరుకున్నా. నువ్వే దాన్ని కత్తిరించి కొత్తగా కుట్టి తెచ్చావు చూడు, అప్పుడే అనుకున్నా, వీడికీ తెలిసిపోయింది, నా దగ్గర దాస్తున్నాడని. నాలుగైదు రోజుల నుంచి ఏదో చెప్పబోయి మింగేస్తున్నావు. ఇంక దాచకు."

"అన్నయ్యా, అది..."

"విను ముందు. నాన్న పోలికలన్నీ నీకే వచ్చాయి. ఇదొక్కటీ రాకూడదని నేను మొక్కని దేవుడు లేడు. సరే, వచ్చింది. వస్తే ఏమైంది? అప్పుడు మనకి తెలీదు, ఆలస్యం చేశాం. ఇప్పుడు మొదట్లోనే పట్టుకున్నాం. మందులున్నాయి. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి టోకెన్ తీసుకున్నా. డ్యూటీకి సెలవు పెట్టా. నాన్నని మోసినవాణ్ణి, నిన్ను మొయ్యలేనా?"

అని తమ్ముడి భుజం చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు. కత్తెర నోరు తెరిచాడు. ఏడుపొచ్చింది. అన్నయ్య దాన్ని ఇంకోలా అర్థం చేసుకుని, "పిచ్చివెధవా, నేనున్నాగా," అని వీపు నిమిరాడు. ఎన్ని నెలలుగా ఈ మనిషి తన జబ్బుకి తమ్ముడి కోసం కుమిలిపోతున్నాడో తలుచుకునేసరికి కత్తెరకి ఇంకా ఏడుపొచ్చింది. డాబా దిగేటప్పుడు అన్నయ్య ముందు నడిచాడు, ఎడమ చేత్తో రెయిలింగు గట్టిగా పట్టుకుని.

మర్నాడు ఆసుపత్రికి బయల్దేరారు. బస్సులో అన్నయ్య కిటికీ సీటు తమ్ముడికి ఇచ్చాడు. దారి పొడుగునా జోకులు వేశాడు. సూదికి భయపడి చిన్నప్పుడు మంచం కింద దూరిన సంగతి గుర్తుచేసి ఏడిపించాడు. కత్తెర ఊకొడుతూ కూర్చున్నాడు. బస్సు దిగేలోగా చెప్పేయాలి అనుకున్నాడు. బస్సు దిగారు. గేటు దాటేలోగా అనుకున్నాడు. గేటు దాటారు.

కౌంటరులో ఉన్నావిడ కంప్యూటర్ మీంచి తలెత్తకుండా అడిగింది. "పేషెంటు ఎవరండీ?"

"మా తమ్ముడు," అన్నాడు అన్నయ్య, అతన్ని కాస్త ముందుకు నెట్టి.

"పేరు చెప్పండి."

కత్తెర కౌంటరు అంచు పట్టుకున్నాడు. "నేను కాదండీ," అన్నాడు. "మా అన్నయ్య."

అన్నయ్య నవ్వాడు. "సూదంటే భయమమ్మా వీడికి. నా మీదికి తోసేస్తున్నాడు."

"కాదన్నయ్యా. నేనొక్కణ్ణే తొడుక్కున్నన్నాళ్లూ అంచుకి ఏం కాలేదు. నెలకి పైగా తిరిగాను. ఒక్క దారం తెగలేదు. నీకిచ్చాక వారంలో పోయింది."

అన్నయ్య ముఖంలో నవ్వు అలాగే నిలిచిపోయింది. వెనక లైనులో ఎవరో దగ్గారు.

"అంటే నీ కాలు కాదా?"

"కాదు."

"సరిగ్గా చూశావా? నీకు తెలుసు కదా ఇవన్నీ. బాగా చూశావా?"

"చూశానన్నయ్యా."

"నీకేం లేదన్నమాట."

"లేదు," అన్నాడు కత్తెర, తలెత్తలేక.

"హమ్మయ్య," అన్నాడు అన్నయ్య. గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలాడు. నెలల తరబడి మోసిన బరువు దిగినట్టు ఆ ముఖం తేటపడింది. కౌంటరావిడ రెండోసారి అడిగితే, అదే ముఖంతో తన పేరు రాయించాడు.