అరవై ఒకటో చుక్క

లెక్కల్లో నన్ను మించినవాళ్లు మా హైస్కూల్లో లేరని ఇరవై రెండేళ్లుగా నా నమ్మకం. ఆ పొగరుతోనే మొన్న ఆగస్టులో ఒక చిన్నపిల్ల ఉసురు పోసుకోబోయాను.

మాది రావులపాలెం దగ్గర బాలికల హైస్కూలు. స్వాతంత్య్ర దినోత్సవం నాడు మండలం గ్రౌండులో మా ఆరో తరగతి పిల్లలు డ్రిల్లు చేస్తారు. రెండు సెక్షన్లూ కలిపి అరవై మంది. కారణాంకాల పాఠం నడుస్తోంది కదా అని, ఆ శనివారం వాళ్ల సంఖ్యనే లెక్కగా ఇచ్చాను.

"అరవైకి ఎన్ని కారణాంకాలు?"

పన్నెండన్నారు. ఆరు పదులు, అయిదు పన్నెండ్లు, నాలుగు పదిహేనులు, ఎలా నిలబెట్టినా వరసలు సమానంగా వస్తాయి.

"మరి అరవై ఒకటికి?"

"ఒకటీ, అరవై ఒకటీ. రెండే టీచర్!"

"అదీ ప్రధాన సంఖ్య అంటే! ఒక్కరు ఎక్కువైతే మన డ్రిల్లు అంతే సంగతులు" అని నవ్వాను. పిల్లలూ నవ్వుతూ వెనక బెంచీ వైపు తిరిగారు.

అక్కడ వినీల కూర్చుంది. వాళ్లమ్మ రామలక్ష్మి అరటితోటల్లో పనికోసం యానాం వైపు నుంచి వచ్చి, జులై ఆఖర్న పిల్లను మా బడిలో చేర్పించింది. అరవై ఒకటో పిల్ల. ఆ సాయంత్రమే డ్రిల్లు మాస్టారు భీమరాజు గారు దాని పేరు కొట్టేశారు. ఇదేంటని అడగబోతే, "మీరే చెప్పారంట కదండీ టీచర్ గారూ, అరవై ఒకటి కుదరదని" అన్నారు.

మర్నాడు చర్చిలో ప్రసంగం జరుగుతున్నంతసేపూ పాటల పుస్తకం చాటున అరవై ఒకటిని కోస్తూనే ఉన్నాను. తెగితేనా!

సోమవారం పొద్దున్నే క్షమాపణ చెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. వినీల వాకిట్లో వంగి చుక్కలు పెడుతోంది. నడుమ తొమ్మిది, వాటి సందుల్లో అటూ ఇటూ ఎనిమిదేసి, తర్వాత ఏడేసి, ఆరేసి, చివర అయిదేసి. మా ఇంట్లో ముగ్గు వేసే అలవాటు లేదు. అందులో చుక్కలెన్నో నేనెప్పుడూ చూడలేదు.

"టీచర్ గారండీ, ఇవి అరవై ఒకటేనండి" అంది తలెత్తకుండానే. "శనివారం నుంచీ ఒక్కో ముగ్గూ లెక్కెడుతున్నానండి. ఇది సరిపోయిందండి."

తొమ్మిది. రెండెనిమిదులు పదహారు. రెండేడులు పద్నాలుగు. రెండారులు పన్నెండు. రెండయిదులు పది. మొత్తం అరవై ఒకటి!

"వరసలు సమానంగా లేవు కదే?"

"లేకపోతే ఏంటండి? బాగోలేదా అండి?"

నా ఇరవై రెండేళ్ల అనుభవం ఆ వాకిట్లో చతికిలబడింది. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే పట్టలేనంత గర్వం వచ్చింది. ఇది నా క్లాసు పిల్ల!

ఫోటో తీసి భీమరాజు గారికి చూపించాను. ఆయన ఫోను అటు తిప్పి ఇటు తిప్పి, "మా ఆవిడ ధనుర్మాసంలో వేసేదే కదండీ ఇది!" అని నాలుక కరుచుకున్నారు. ఆ మధ్యాహ్నమే గ్రౌండులో సున్నంతో చుక్కలు పెట్టించి, సరిగ్గా నడిమి చుక్క మీద వినీలను నిలబెట్టారు.

పదిహేనో తేదీన విజిల్ పడింది. ముందు వినీల చేతులెత్తింది. తర్వాత దాని చుట్టూ ఆరుగురు, వాళ్ల చుట్టూ పన్నెండు మంది, ఆపైన పద్దెనిమిది, చివర ఇరవై నలుగురు. గ్యాలరీ మీంచి చూస్తే గ్రౌండు నిండా పువ్వు విచ్చుకున్నట్టుంది.

"అయ్యబాబోయ్, మా వాకిలండీ అది!" పక్కన రామలక్ష్మి కేక పెట్టింది. జనం చప్పట్లు ఆగలేదు.

ముందు వరసలో ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, "ఎవరమ్మా ఆ నడిమి పిల్ల?" అని అడిగాడు.

రామలక్ష్మి నోరు తెరిచేలోపే నేను లేచి నిలబడ్డాను.

"మా అరవై ఒకటో పిల్లండి" అన్నాను.